మొజాయిక్ మీద తెల్లమచ్చ

సీతాఫల్‌మండిలో మేము అద్దెకున్న పోర్షన్ ఖాళీ చేసిన రోజు, సామాను ట్రాలీలో పంపించేసి నేనొక్కదాన్నే వెనక్కి వెళ్లి ఇల్లంతా కడిగాను. ఎవరూ అడగలేదు. ఆరేళ్ల పోపుల జిడ్డు పట్టిన వంటగది గోడను అలాగే వదిలి రావడానికి మనసొప్పలేదు. తాళాలు తీసుకోవడానికి వచ్చిన ఓనరు వంటగది చూసి ఆగిపోయాడు.

"కిరాయికున్నోళ్లు గిట్ల కడిగిపోవుడు నేనెన్నడు చూడలే. లాలాగూడల మాకు తెలిసిన టీచరమ్మ ఇల్లు సుత ఖాళీ అయింది. పైసలిస్తది, కడుగుతవా?"

వారమంతా పద్మారావు నగర్‌లో కళ్లద్దాల షాపులో నిలబడే పని నాది. ఆదివారం ఒక్కటే సెలవు. "రెస్టు తీస్కోక ఎందుకే ఈ తక్లీఫ్?" అని మా ఆయన గొణిగాడు గానీ, బకెట్టు, చీపుర్లు బండికి తనే కట్టి నన్ను లాలాగూడలో దింపాడు.

టీచరమ్మ రిటైరై కింద ఉంటోంది. మేడ మీది ఇల్లే కడగాలి. వంటగది మూల మొజాయిక్ నేల మీద గ్యాస్ సిలిండరు తుప్పు గుండ్రంగా అంటుకుని ఉంది. సబ్బుకు పోలేదు. బాత్రూము కోసం తెచ్చిన యాసిడ్ పోశాను. బుసబుస పొంగి తుప్పు పోయింది. సంతోషపడ్డాను. తడి ఆరాక చూస్తే దానితో పాటు నునుపూ పోయి, పళ్లెమంత తెల్లమచ్చ మిగిలింది.

మళ్లీ నీళ్లు చల్లితే మచ్చ కనబడలేదు. ఆ తడి ఉండగానే తాళం ఇచ్చేసి వెళ్లిపోదామా అనిపించిన మాట నిజం. కాసేపు అక్కడే కూర్చుని, చివరికి కిందికి వెళ్లి చెప్పాను.

ఆవిడ శ్రీకాకుళం మనిషి. నలభై ఏళ్లుగా ఇక్కడున్నా ఆ యాస పోలేదు. రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్లెక్కి, వంగి ఆ మచ్చను వేలితో తడిమింది.

"ఏటమ్మా ఇది? యాసిడ్ పోసేవా?"

"పోసిన టీచరమ్మా. తుప్పు పోతదనుకున్న, ఫర్షంత ఖరాబైంది. నాకేం ఇయ్యకుండ్రి."

"తుప్పయితే పోయింది కదేటి!" అని నవ్వేసింది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడుస్తావేటి? అక్కడ మళ్లీ సిలిండరే కదా పెడతారు. మచ్చ ఎవులికి కనబడతాది?"

ప్లాస్టిక్ స్టూలు లాక్కుని గుమ్మంలో కూర్చుంది. "మొజాయిక్‌కి సబ్బునీళ్లే. యాసిడ్ ఇటు తేకు. గోడ జిడ్డుకి వేణ్ణీళ్లలో వంటసోడా కలిపి పూసి కాసేపొదిలెయ్. అదే వదుల్తాది, గోళ్లతో గీకకు," అంది. వేణ్ణీళ్లు తన వంటింట్లోనే కాచిచ్చింది. మధ్యాహ్నం ఆవపెట్టిన అరటికాయ కూరతో అన్నం పెట్టింది. ఆ ఘాటు ముక్కుకెక్కి నేను ఉక్కిరిబిక్కిరైతే మళ్లీ నవ్వింది.

సాయంత్రం కొత్తగా దిగబోయే భార్యాభర్తలు ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. టీచరమ్మే వాళ్లకు మచ్చ చూపించింది.

"ఇది ఈ అమ్మాయి చేతిలో అయింది. నాను చూడలేదు, తనే కిందికొచ్చి చెప్పింది. మీరు ఖాళీ చేస్తున్న ఇంటికి ఈవిణ్ణే పిలవండి. తాళాలిచ్చి ధైర్యంగా తిరగొచ్చు."

మరుసటి ఆదివారం వాళ్ల పాత ఇంటికి వెళ్లాను. ఆ ఇంటివాళ్లు ఇంకొకరికి చెప్పారు. అలా షురూ అయింది నా పని. ఇప్పుడు మా గల్లీ ఆడవాళ్లు ఇద్దరు నాతో వస్తున్నారు. షాపు పని మానలేదు.

ఆవిడ ఆ రోజు కోప్పడి పంపించేసి ఉంటే రెండో ఇల్లు ఉండేది కాదు. నేను మళ్లీ బకెట్టు ముట్టేదాన్నే కాదు. ఇప్పటికీ ఏ ఇల్లు ముగించినా ఇంటికెళ్లగానే ఆవిడకు ఫోన్ చేస్తాను. "వంటగది ఎలాగుందేటి?" అని అడుగుతుంది. జిడ్డు ఎక్కడెక్కడ పట్టిందో, ఎలా వదిలిందో అంతా చెబుతాను. విసుక్కోకుండా వింటుంది.