తిట్టిన కామెంటును తీయనివ్వలేదు

నరసన్నపేట గ్రంథాలయంలో పుస్తకాల కన్నా, వాటి అంచుల్లో ఎవరెవరో పెన్సిలుతో రాసిన మాటలే నాకు ఎక్కువ నేర్పాయి. "ఇది తప్పు" అని ఒకరు రాస్తే, "కాదు, నీదే తప్పు" అని కింద ఇంకొకరు. రచయితతో అలా పోట్లాడవచ్చని నాకు ఏ బడీ చెప్పలేదు. అందుకే ఒక చిన్న తెలుగు వెబ్‌సైటుకు ఫోన్ గేముల రివ్యూలు రాసే రోజుల్లో, ప్రతిదాన్నీ "నేనన్నది తప్పయితే చెప్పండి" అని ముగించేవాణ్ని. చాలాకాలం "సూపర్" తప్ప ఏమీ రాలేదు.

ఒకసారి చేపలవేట గేము గురించి రాస్తూ, పడవలో ఒంటరిగా వల లాగడం అచ్చం నిజంలా ఉందని మెచ్చుకున్నాను. మర్నాడు కళింగపట్నం నుంచి, సముద్రంలో వేటకెళ్లే ఒకాయన కామెంటు పెట్టాడు: "ఒరే బావ, నువ్వెప్పుడైనా పడవెక్కినావేటి? ఒక్కడే లాగితే సేపలే ఆడ్ని లాక్కెల్తాయి."

సైటు నడిపే మాస్టారు వెంటనే ఫోన్ చేశారు. "అది తీసేస్తన్నాను. ఉంచితే నీకేటీ తెల్దని అందరికీ తెలిసిపోతాది."

"తెలీదు కదండీ మరి. అది తీస్తే నా రివ్యూలన్నీ తీసేయండి. ఇంక రాయను."

"ఏటి, నన్నే బెదిరిస్తన్నావా?"

"అవునండీ."

నా రాతలు వేసే చోటు ఆ సైటొక్కటే. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన విసుక్కుంటూ ఫోన్ పెట్టేశారు కానీ, కామెంటు ఉంచారు. దాని కిందే "ఎప్పుడూ ఎక్కలేదు. ఎంతమంది లాగుతారు, ఎలా లాగుతారు?" అని అడిగాను. సాయంత్రానికి ఆ వేటకెళ్లే ఆయన దగ్గర్నుంచి నా రివ్యూ కన్నా పొడవైన జవాబు వచ్చింది.

నా తప్పు వాక్యాన్ని మాత్రం ఇప్పటికీ దిద్దలేదు. దిద్దేస్తే ఆయన ఎవర్ని తిట్టినట్టు?