శనివారం ముద్ద, ఆదివారం సవారీ

ఆబిడ్స్‌లోని ఆ అయిదంతస్తుల పాత భవనానికి ఇప్పటికీ ఇనప జాలీ తలుపున్న లిఫ్టే. జమున అందులో స్టూలు మీద కూర్చుని పదహారేళ్లుగా మనుషుల్ని పైకి చేరవేస్తోంది, కిందికి దింపుతోంది. రోజంతా ప్రయాణమే. సాయంత్రానికి చూసుకుంటే ఒక్క అడుగు కూడా ముందుకు పడి ఉండదు. అందుకే నలభై రెండో ఏట పాత గేర్ల సైకిలు ఒకటి కొనుక్కుని, ఆదివారాలు సైకిళ్లు తొక్కే జట్టులో చేరింది. తెల్లవారకముందే వాళ్లంతా మొజంజాహీ మార్కెట్ గడియారం కింద కలుస్తారు. ఆ వేళ గాలి ఇంకా ఎవరూ తొడగని చొక్కాలా ఉంటుంది. మొదటిరోజు అఫ్జల్‌గంజ్ దాటి మూసీ వంతెన ఎక్కినప్పుడు, ఆకాశం పక్కలకు కూడా ఉంటుందని ఆమెకు తెలిసింది.

నలభై కిలోమీటర్ల సవారీ సులువుగానే వచ్చింది. వంద రాలేదు. షాద్‌నగర్ దాకా పోయి తిరిగి రావాలి. తిరుగు దారిలో, కొత్తూరు దగ్గర, కాళ్లు ఎవరివో అయిపోయాయి. జట్టు వెనకాలే వచ్చే వ్యాన్‌లో సైకిలుతోపాటు ఆమెనూ ఎక్కించారు. తలుపు జారి మూసుకున్న చప్పుడుకు జమున కళ్లు మూసుకుంది. మళ్లీ పెట్టెలోకే వచ్చింది.

జట్టుకో నియమం ఉంది. మూడుసార్లు వ్యాన్ ఎక్కినవాళ్లు తిరిగి నలభై కిలోమీటర్ల బ్యాచికి పోవాలి.

ఆ భవనం రెండో అంతస్తులో దుర్గేష్‌కు ప్రోటీన్ పొడుల దుకాణం ఉంది. మర్నాడు డబ్బాల పెట్టెతో లిఫ్టెక్కిన అతన్ని ఆమె అడిగింది.

“తమ్మీ, గిది తాగితే కాళ్లల్ల బలమొస్తదా?”

“గుర్రంలా పోతావక్కా! రెండు ప్యాకెట్లు ఇస్తా, షేక్ చేసుకుని తాగి చూడు.”

“దీంట్ల నీసు గిట్ల ఉన్నదా? నాకు శనివారం ఒక్కపొద్దు.”

“పాల విరుగుడక్కా. పన్నీరు చేసినప్పుడు దిగే నీళ్లు ఉంటాయే, వాటినే ఎండబెట్టి పొడి చేస్తారు.”

పదకొండేళ్ల కింద కూతురు శ్రీనిధి దవాఖానలో జ్వరంతో మండిపోతుంటే మొక్కిన మొక్కు అది. శనివారం ఒక్కపూటే భోజనం. ఆ ఒక్క ముద్ద మధ్యాహ్నం తింటే మళ్లీ ఆదివారం దాకా మంచినీళ్లే.

రెండోసారి వంద కిలోమీటర్ల సవారీకి బయల్దేరే ముందు ఆమె షేక్ తాగింది. ఇంత బలం లోపల పోసుకున్నాక ఇంకేం కావాలని, ఎప్పుడూ తినే అరటిపండ్లను ఇంట్లోనే వదిలేసింది. కొత్తూరు అలాగే ఎదురొచ్చింది. వ్యాన్ తలుపు అలాగే జారింది.

నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి గదిలో భర్త భూపాల్ పెరుగన్నం ముందు పెట్టి అన్నాడు, “ఏందే, సైకిల్ తొక్కనీకి పోయినవా, వ్యాన్ల షికారుకు పోయినవా?”

“నవ్వు, నవ్వు. ఇంకోపారి ఉన్నది.”

సోమవారం సాయంత్రం, నాలుగో అంతస్తులో ఎవరేం తినాలో చెప్పే మేఘన లిఫ్టెక్కబోతుంటే, జమున జాలీ తలుపుకు కాలు అడ్డం పెట్టి నిలబడింది. జరిగిందంతా చెప్పింది. కింద ఎవరో గంట కొడుతున్నారు.

“ప్రోటీన్ మెకానిక్ లాంటిదండీ, పెట్రోల్ కాదు. తొక్కాక అరిగిన కండను బాగు చేస్తుంది,” అంది మేఘన. “మీ యాభై ఆరు కిలోలకు రోజుకు డెబ్భై గ్రాములు చాలు. పప్పు, పెరుగు, గుడ్లు, పల్లీలు సర్దుకుని తింటే పొడి లేకపోయినా వస్తుంది. పెట్రోల్ అంటే అన్నం, పండ్లు. మీరు ఆగిపోయింది శనివారం కడుపు మాడ్చుకుని.”

“ఒక్కపొద్దు ఇడువ మేడం.”

“విడవమని నేననలేదుగా. ఒక్కపూట అని మొక్కారు. ఏ పూట అని మొక్కారు?”

కింద గంట ఆగకుండా మోగుతోంది. జమున ఆలోచించింది. అమ్మ మధ్యాహ్నం తినేది కాబట్టి తానూ మధ్యాహ్నం తింటోంది. దేవుడికి ఇచ్చిన మాటలో మధ్యాహ్నం లేదు.

“మధ్యాహ్నం తినకుండ లిఫ్టుల కూసుంటే కళ్లు తిరుగుతయేమో?”

“పాలు, పండ్లు తీసుకోండి, అవి భోజనం కిందికి రావుగా. ముందు చిన్న సవారీలకు అలా రాత్రిపూట తిని చూడండి, తొక్కేటప్పుడూ పండ్లు మానకండి. ఇంకా గంట కొడుతున్నారు, పోదామా?”

ఆ వచ్చే శనివారం పొద్దంతా పాలతో, జామపండుతో గడిపి, దీపాల వేళకు ఆమె కంచం ముందు కూర్చుంది. అన్నం, గట్టి కందిపప్పు, గడ్డపెరుగు.

“ఏమే, దేవుని టైం మార్చినవా?” అన్నాడు భూపాల్.

“నా టైం మార్చుకున్న. ఆయన టైం ఆయనకే ఉన్నది.”

మూడు శనివారాలు అలాగే తిని, మూడు ఆదివారాలు నలభై, యాభై, అరవై తొక్కింది. కాళ్లు తనవే అని నమ్మకం కుదిరాక మూడో వందకు పేరిచ్చింది.

ఆ ఆదివారం జేబుల్లో అరటిపండ్లు, పల్లీపట్టీలు ఉన్నాయి. ఆకలి వేసినా వేయకపోయినా అరగంటకోసారి ఒక ముక్క కొరికింది. శంషాబాద్ దాటాక తెల్లవారింది. దారి పక్క చేలలో పొగమంచు, ఎవరో ఆరేసి మరిచిపోయిన ధోవతిలా. షాద్‌నగర్‌లో వెనక్కి మళ్లింది. కొత్తూరు వస్తుంటే తొడలు మళ్లీ పాత మాటే అన్నాయి. ఆమె వినలేదు. గేరు ఒకటి తగ్గించి, పట్టీ ముక్క నోట్లో వేసుకుని తొక్కింది. వ్యాన్ పక్కకు వచ్చి మెల్లగయింది.

“జమునమ్మా, తలుపు తియ్యాల్నా?” అన్నాడు డ్రైవరు రాజనర్సు.

“నువ్వు ముందటికి పో అన్నా! నీ పొగ మింగలేక చస్తున్న.”

రాజనర్సు నవ్వి వేగం పెంచాడు. రోడ్డు మళ్లీ ఆమె ఒక్కదానిదే అయింది.

పదకొండున్నరకు మొజంజాహీ మార్కెట్ దగ్గర భూపాల్ ఒక చేతిలో షేక్ సీసా, మరో చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. వ్యాన్ ఆగగానే అలవాటుగా పోయి మోచేత్తో తలుపు జరిపి లోపలికి తొంగి చూశాడు. సీట్లన్నీ ఖాళీ.

“ఏదన్నా, మా ఆమె?”

రాజనర్సు గడ్డంతోనే అఫ్జల్‌గంజ్ రోడ్డు చూపించాడు. ఆటోల మధ్య నుంచి ఎర్రగా కందిన ముఖంతో, జట్టులో అందరికన్నా ఆఖరున, జమున వస్తోంది. గడియారం కింద కాలు ఆనించి సైకిలు ఆపింది.

భూపాల్ రెండు చేతులూ ముందుకు చాపాడు.

“పొడి తాగుతవా, పెరుగన్నం తింటవా?”

“రెండూ ఇటియ్యి,” అంది జమున.