వంకర పెట్టె

ఆసుపత్రి రెండో అంతస్తులో ఆమెను అందరూ స్కేలక్క అంటారు. పదిహేడేళ్లుగా అక్కడ ఊడ్చి తుడిచే పని ఆమెది. నేలను అద్దంలా మెరిపించడం ఒక ఎత్తు, వంకరగా ఉన్నది కంటపడితే ఊరుకోలేకపోవడం మరో ఎత్తు. గడియారం, మంచం, చెత్తబుట్ట, అన్నీ గీత గీసినట్టుండాలి. ఇంట్లో మొగుడు చెప్పులు అడ్డదిడ్డంగా విడిచాడా, ఆ పూట తిట్లతోనే కడుపు నింపుకోవాలి.

మొన్న ఎవరో ఇంజినీరు వచ్చి ఆ అంతస్తులోని అయిదు గదుల్లోనూ గోడకు ఒక్కో తెల్ల పెట్టె బిగించాడు. మందుల అలమరలోని చిన్న యంత్రాలకు తీగ లేకుండా గాలిలోంచే ఛార్జింగ్ ఎక్కిస్తుందట. అయిదింటినీ కావాలనే అలమర వైపు వంచి పెట్టాడు. ఆ సంగతి నర్సులకు చెప్పాడు. రోజూ వాటిని గుడ్డతో తుడిచే మనిషికి ఎవరు చెబుతారు? ఈ పొద్దున దుమ్ము దులుపుతూ స్కేలక్క అన్నింటినీ తిన్నగా తిప్పేసింది. పెట్టెలు ఇప్పుడు మంచాల వైపు ఉన్నాయి.

పదకొండింటికి నేల తుడవడానికి చివరి గదిలోకి వెళ్లేసరికి, మంచం మీది పెద్దాయన ఛాతీ పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. గుండె మీద అంటించిన పట్టీ పంపే నాడి లెక్కను చూపే తెర మీద మాత్రం పచ్చగా డెబ్బై రెండు. ఎంతసేపు చూసినా డెబ్బై రెండే. ఆమె గుమ్మంలోకి పరుగెత్తింది.

"సిస్టర్! పెద్దాయన ఏదోలా ఉన్నారు, తొందరగా రండమ్మా!"

"నా బల్ల దగ్గర బాగానే చూపిస్తోందిగా అక్కా," అంటూ వచ్చిన నర్సు, ఆయన మణికట్టు పట్టుకోగానే కేకేసింది. డాక్టరు పరుగున వచ్చాడు. సూదిమందు పడ్డాక, ఆక్సిజన్ పెట్టాక పెద్దాయన కాస్త ఊపిరి పీల్చాడు. అప్పుడు నర్సు చూపు గోడ మీది తెల్ల పెట్టె మీదికి వెళ్లింది. ఆమె దాని ప్లగ్గు లాగేసింది. తెర మీద అంకె కదిలింది.

"దీన్ని ఎవరు తిప్పారు? మంచం వైపు ఉంటే పట్టీ సిగ్నల్ దెబ్బతిని తెర పాత అంకె దగ్గరే ఆగిపోతుందని చెప్పారు కదా!"

ఇది తన చేతి పనేనని స్కేలక్కకు అర్థమైంది. చెబితే ఉద్యోగం ఊడుతుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

"మిగతా నాలుగు గదుల సంగతేంటి?" డాక్టరు అడిగాడు.

"ఇందాకే చూశాను డాక్టర్. అన్నీ పచ్చగానే ఉన్నాయి."

ఇక్కడా ఇందాకటి దాకా పచ్చగానే ఉంది కదా అని స్కేలక్కకు తట్టింది.

"ఆ తెరల్ని నమ్మకండి సిస్టర్! అన్ని గదుల్లోనూ నేనే తిప్పాను," అని అరుస్తూ పక్క గదిలోకి పరుగెత్తింది.