గల్లీ ముచ్చట్ల ఇంగ్లీషు

ఇంగ్లీషులో జరిగిపోయిన సంగతులు చెప్పడం నేను ఊరి ముచ్చట్లు చెప్పుకుంటూ నేర్చుకున్నాను. ఇందులో సిగ్గుపడటానికి ఏముంది?

ఆసిఫాబాద్‌లో మా ఇంటికి దగ్గరున్న ఓ ప్రైవేటు బడిలో చిన్న క్లాసులకు టీచర్ కావాలన్నారు. ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే అన్నారు. పెళ్లయ్యాక దూరవిద్యలో డిగ్రీ చేశాను గాని, ఇన్నేళ్లు వంటింట్లో ఉండి ఉండి నేను చదువుకున్నదాన్నంటే నాకే నమ్మకం పోయింది. అందుకే ఆ ఉద్యోగం మీద పంతం పట్టాను.

గోడవతల గాజుల దుకాణం వాళ్ల ఇల్లు. వాళ్ల కోడలు కరీంనగర్‌లో ఇంగ్లీషు మీడియం చదివింది. నాకన్నా పెద్దది, ఆపా అంటాను. గ్రామరు పుస్తకం పట్టుకుని నేర్పమని పోతే ముందు దాన్ని మూయించింది.

“ఎవలో బడికి పోయిండు, ఎవలో పండు తిన్నరు. గివన్నీ మనకెందుకు? గల్లీల ఏమైందో జర చెప్పు. నోరు అదే తిరుగుతది.”

నిజంగానే తిరిగింది. మూలింటి కోడలు అలిగి పుట్టింటికి పోయిందని అప్పుడే తెలిసింది. “షి హ్యాజ్ గాన్ ఎస్టర్‌డే” అన్నాను గుసగుసగా. ఆపా తల కొట్టుకుంది.

“ముచ్చట వేడిగుంటే హ్యాజ్ పెట్టు. నిన్న, మొన్న అని దినం చెప్పినవంటే సల్లారినట్టే. వెంట్ అను, సాలు.”

ఆ తర్వాత బట్టలారేస్తూ, గిన్నెలు తోముతూ గల్లీ మొత్తాన్ని ఇంగ్లీషులో ఉతికి ఆరేశాం. ఇంగ్లీషయితే మా అత్తమ్మకు అర్థం కాదన్న ధీమా ఒకటి. ఓ పొద్దున, మూలింటి కోడలు మళ్లీ “ఎస్టర్‌డే వెంట్” అని మేం గుసగుసలాడుతుంటే, ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ, తలెత్తకుండానే అంది:

“నిన్న కాదే, మొన్ననే పోయింది గా పొల్ల. తెల్వకుంటె నన్నడుగుండ్రి.”

ఇద్దరం గోడకు చెరోవైపు కూలబడి నవ్వాం. వినీ వినీ ఎస్టర్‌డే ఆమెకు పట్టుబడిందట; మా గొంతు తగ్గడం, మేం ఏ ఇంటివైపు చూస్తున్నామో చూసి మిగతాదంతా తెలిసిపోయేదట. అప్పటి నుంచి వార్తలు అత్తమ్మవి, ఇంగ్లీషు మాది.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. హెడ్‌మాస్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని, ఇంగ్లీషులో, మీ గురించి చెప్పండి అంది.

ఎవరి పెళ్లి తప్పిపోయింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అన్నీ తన్నుకొస్తున్నాయి. నా గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. గోడ దగ్గర అంతమందిని ఉతికాం, నా ఊసే రాలేదు. ఇంగ్లీషులోనే కాదు, తెలుగులోనూ నా గురించి నేనెప్పుడూ చెప్పుకోలేదు. ఏడుపొచ్చింది. నా మీద నాకే కోపమొచ్చింది.

దారి లేక, ఆపాతో మాట్లాడినట్టే ముందుకు వంగి గొంతు తగ్గించాను. మా గల్లీలో ఒకావిడ ఉంది మేడమ్, అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఇంటర్ కాగానే పెళ్లి చేశారు. పొయ్యి మీద పాలు పెట్టి చదివింది. పాలు పొంగాయి, తిట్లు పడ్డాయి, పాసయింది. ఆ పట్టా బీరువాలో చీరల కింద ఉంది. చూపించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

హెడ్‌మాస్టరమ్మ కూడా ముందుకు వంగింది. ఊరి ముచ్చటంటే ఎవరికి చేదు! ఆత్రంలో ఇంగ్లీషు పక్కకు పోయింది.

“అయ్యో, ఇప్పుడేడున్నది గామె?”

“మీ ముందరనే కూసున్నది మేడమ్. గీ నౌకరి ఆమెకే కావాలె.”