రెండో డ్రమ్ము

ఆ పొద్దున పొలంలో ఉన్నవి: రెండు చిన్న మడులు, రెండు నీలం డ్రమ్ములు, ఒక బోరు, నా పరీక్ష పెట్టె. ఉన్నవాళ్లు: నేను, భర్త పోయిన ఒక ఆడమనిషి, ఆమె మరిది. ఒక మడి ఆమె ఎకరాలో, ఇంకొకటి పక్కనే మరిది చేలో. ఎగువనున్న, బట్టలకు రంగులద్దే షెడ్డు మూతపడింది గానీ, అది వదిలిన క్రోమియం ఈ మట్టిలోనే ఉండిపోయింది. నీళ్లలో కరిగి మొక్కల వేళ్లకెక్కే విషం అది. కొన్ని సూక్ష్మజీవులు దాన్ని కరగని రూపంలోకి మారుస్తాయి. నా పరిశోధన వాటి మీదే.

వదినా మరుదుల మధ్య ఒక మాట ఉంది. వానల్లోపు మడి బాగుపడితే తన ఎకరాలో ఆమే వేరుశనగ వేసుకుంటుంది. లేకుంటే భూమి మరిదికి వదిలి, రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే పనికి పోవాలి.

మొదటి డ్రమ్ములో బతికున్న సూక్ష్మజీవులు. రెండో దాంట్లోనూ అవే, కానీ ప్రెషర్ కుక్కర్లో ఉడికించి చంపినవి. రంగు ఒకటే, కంపు ఒకటే. మట్టి బాగుపడితే అది ప్రాణమున్న వాటి వల్లేనని రుజువు కావాలి కదా. ఏది ఏదో రైతులకు చెప్పం. చచ్చిన మందు పోసిన మడి నీళ్లందక బాగుపడలేదని రేపెవరూ అనకూడదు. అందుకే దానికి శ్రద్ధ గల మనిషి కావాలి. రెండో డ్రమ్ము ఆమెకిచ్చాను, మొదటిది మరిదికి. వాళ్ల మాట సంగతి అప్పటికే నాకు తెలుసు.

ఆమె పొద్దున నాలుగు బిందెల నీళ్లు, సాయంత్రం నాలుగు బిందెలు పోసేది. తడి ఆరకుండా గోనెసంచులు కప్పేది. మరిది గుర్తొచ్చినప్పుడు పైపు వదిలి పోయేవాడు.

"ఏం వదినా, పురుగులకి సంగటి పెడ్తాండావా?"

"పెడ్తాండా. నీ మాదిరి పస్తు పెడితే అవి యాడ బతుకుతాయి?"

"నాది మంచి చేయి. తాకితే సాలు, రాయైనా మొలుస్తాది. నీ చేయి ఎట్లాంటిదో మా యన్నకే తెలుసు."

ఆమె బిందె వంచింది.

నలభయ్యో రోజు పొలంలోనే పరీక్ష చేశాను. విషం ఉంటే గాజు గొట్టంలో నీళ్లు ఊదా రంగుకు తిరుగుతాయి. మరిది గొట్టం దాదాపు తేటగా ఉంది. ఆమెది వంకాయ రంగుకు తిరిగింది.

"సూసినావా? మందు ఒగటే. నీళ్లు నువ్వే ఎక్కువ పోసినావు. ఇంగేం మిగిలింది? నీ చేయే."

ఆమె చేతులు చీరకు తుడుచుకొని నా వైపు తిరిగింది. "సదువుకున్నోనివి, నిజం సెప్పు సారూ. నా చేతిలో ఏమన్నా ఉండాదా?"

చెప్పొచ్చు. పరిశోధన ముగియడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. చెబితే మొత్తం చెడుతుంది.

"అన్ని మళ్లూ ఒకేలా ఉండవమ్మా," అన్నాను.

"ఇంగ నువ్వు విత్తనం గూడా తాకొద్దు వదినా. నేనే ఏస్తా," అన్నాడు మరిది. ఆమె తలూపింది. గట్టు దిగేటప్పుడు చెయ్యి మట్టికి తగలకుండా కొంగులో చుట్టుకుంది.

నేను ఆమె మడి కొలత రాసుకున్నాను. కిలో మట్టికి మిల్లీగ్రాములు: మొదటి రోజు 38, నలభయ్యో రోజు 37.