అత్తమ్మను వినని మైకు

అత్తమ్మ గొంతులో గడ్డ ఉందని కరీంనగర్ దవాఖానలో చెప్పిన రోజు మా ఇంట్లో ఎవరమూ సరిగా అన్నం తినలేదు. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదట. గొంతు మాత్రం మునుపటిలా ఉంటుందని చెప్పలేమన్నారు.

"పానం ఉంటే సాలు తియ్యి బిడ్డా. ఇన్నేండ్లసంది పాడుతున్న, దేవునికి సుత విని విని యాష్టకొచ్చి ఉంటది" అని అత్తమ్మే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మంథనిలో మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. పెళ్లయి గోదావరిఖని కాలనీకి వచ్చాక అత్తమ్మ పాట చెప్పింది. ఇద్దరి రుణమూ తీరేది కాదు. ఆమె శనివారం సాయంత్రం పాడే హారతి వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది. ఏ పుస్తకంలోనూ లేదు. మాటలు నేను కాగితం మీద రాసుకున్నాను. కానీ మూడో చరణంలో ఆమె గొంతు ఒక మెట్టు దిగి, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ పైకి వస్తుంది. అది రాయడానికి అక్షరం లేదు. నేను పాడితే అక్కడ ఎప్పుడూ తొందరపడతాను.

ఫోన్‌లో రికార్డు చేద్దామని చాలాసార్లు చూశాను. మా క్వార్టర్ వెనక గని ఫ్యాన్ ఉంది, కింద పనిచేసేవాళ్లకు గాలి పంపే పెద్ద ఫ్యాన్. రాత్రీ పగలూ ఆగదు. అలవాటైపోయి మా చెవులకు తెలియదు కానీ, ఫోన్ మాత్రం పాట కంటే దాన్నే ముందు వింటుంది.

అప్పుడు కాలనీలో అందరూ మైకుసెట్టు కాక అని పిలిచే పెద్దాయన గుర్తొచ్చాడు. గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. భజనలకు మైకులు పెడతాడు, పాడైనవి బాగుచేస్తాడు. విషయం చెప్పగానే పెద్దపల్లిలో తన దోస్తు స్టూడియో ఉంది, పోదామన్నాడు.

"దీపం లేకుంట హారతేంది తమ్మీ?" అంది అత్తమ్మ. "దేవుడు ఈడుంటే పెద్దపల్లిల ఎవలికి పాడాలె, నీ దోస్తుకా?"

"సరే అక్కా, నువ్వు రాకుంటే మైకులే వస్తయి."

శనివారం మధ్యాహ్నం వచ్చాడు. మరునాడు పొద్దున్నే అత్తమ్మను హైదరాబాద్ తీసుకెళ్లాలి. అంటే ఆ ఒక్క సాయంత్రమే ఉంది.

కాక ఒకే స్టాండుకు రెండు మైకులు, ఒకదాని మీద ఒకటి ఆనించి బిగించాడు. రెండెందుకని అడిగితే, నా చేతిలోని ముగ్గు డబ్బా తీసుకుని గచ్చు మీద ఒక సున్నా గీశాడు.

"గిది మొదటిది. దీనికి ముందు వెనక లేదు, సుట్టూరా ఒక్కతీరుగ వింటది." పక్కనే రెండు లడ్డూలు ఆనించినట్టు ఇంకో బొమ్మ గీశాడు. "గిది రెండోది. ముందు వింటది, వెనక వింటది. పక్కలకు మాత్రం సెవుడు."

ఎలాగని అడిగాను. పూజ పళ్లెం కింద పరిచే పలచని అట్టను రెండో మైకు లోపలి రేకులా నిలబెట్టి పట్టుకున్నాడు. "ముందుకెళ్లి ఊదు." ఊదాను. అట్ట వెనక్కి వంగింది. "ఇగ ఎనకకెళ్లి." ముందుకు వంగింది. "ఇప్పుడు అంచు మీద ఊదు." కదల్లేదు.

"సూసినవా? ముందట్నుంచి వచ్చే సప్పుడుకు రెండు మైకులు ఒక్క దిక్కే నూకుతయి, కలిపితే రెండింతలైతది. ఎనక నుంచి వస్తే మొదటిది ఎప్పటిలెక్కనే లోపలికంటది, రెండోది బయటికంటది. కలిపితే ఏముంటది?"

"ఏమీ ఉండదు."

"గంతే. కలిపిన బొమ్మ గియ్యి మరి."

ముందు పెద్దగా, పక్కలకు తగ్గి, వెనక లోపలికి నొక్కుకుపోయేలా గీశాను. చూస్తే తమలపాకు! తొడిమ ఉండేచోట మైకు చెవుడు. కలిపే పాళ్లు మారిస్తే ఆ చెవుడు పక్కలకు జరుగుతుందట. ఇంత సన్నని ఏర్పాటు గాలిలోనే దాగి ఉందని తెలిసి నాకు చేతులు జోడించాలనిపించింది. దాన్ని కనిపెట్టిన మనిషికీ, మా గచ్చు మీద ముగ్గుతో చెప్పిన ఈ మనిషికీ.

ఫ్యాన్ చప్పుడు దేవుడి అల్మారా పైనున్న కిటికీలోంచి వస్తుంది. కాక మైకుల ముఖం అత్తమ్మ నిలబడే చోటుకూ, వీపు కిటికీకీ పెట్టాడు. రెండింటినీ కలపకుండా దేనికది రికార్డయ్యేలా మెషిన్ ఆన్ చేసి, "నేను తానం చెయ్యలే, బయట కూసుంట" అని వరండాలోకి వెళ్లిపోయాడు.

అత్తమ్మ హారతి వెలిగించింది. ఎదురుగా స్టాండు, దాని వెనక దేవుడు. ఒక్క క్షణం చూసింది. తనకూ దేవుడికీ మధ్య ఇనుప కట్టె ఉంటే ఆమె ఎలా పాడుతుంది? చల్లగా రెండడుగులు వేసి మైకుల పక్కకు జరిగి, దేవుడికేసి తిరిగి పాట అందుకుంది.

సరిగ్గా రెండో మైకు చెవుడున్న పక్కకు!

హారతి మధ్యలో మాట్లాడకూడదు. మూడో చరణంలో ఆ మెట్టు దిగినప్పుడు నా కళ్లు నిండాయి, సగం భక్తితో, సగం భయంతో. అయిపోయాక, మళ్లీ ఒక్కసారి పాడమని బతిమాలాను.

"ఇచ్చిన హారతి మల్ల ఇస్తరా బిడ్డా?" అని అత్తమ్మ కళ్లకద్దుకుంది.

వరండాలో కాకకు జరిగింది చెప్పాను. ఆయన లాప్‌టాప్‌లో చూసి రెండో మైకుది వినిపించాడు. ఫ్యాన్ తప్ప ఏమీ లేదు. అత్తమ్మ గొంతు ఎక్కడో పొగలా ఉంది. నేను మెట్టు మీద కూలబడ్డాను.

కాక నవ్వుతున్నాడు! "ఏడుస్తవేంది? మొదటి మైకుల పాటుంది, ఫ్యానుంది. గీ రెండోదాంట్ల ఉత్త ఫ్యానే, అదీ ఎనక నుంచి వచ్చింది గనక తిరగబడ్డది. రెండు కలిపితే ఏం పోతది?"

మీట మెల్లగా జరిపాడు. రెండో మైకు చప్పుడు పెరిగే కొద్దీ ఫ్యాన్ దూరం జరిగింది. వాన వెలిసినట్టు తగ్గి, ఒక చోట దాదాపు మాయమైంది. అత్తమ్మ గొంతు ఒక్కటే నిలిచింది, శ్వాసతో సహా. ఆమెను విననే వినని మైకు ఆమె పాటను కాపాడింది. దేవుడు ఎవరి చేత సేవ చేయించుకుంటాడో మనం చెప్పలేమని ఆ మెట్టు మీదే అనుకున్నాను.

అత్తమ్మను పిలిచి హెడ్‌ఫోన్ పెట్టాం. కాసేపు విని, గబుక్కున తీసేసి వీధి గేటు వైపు చూసింది.

"ఫ్యాన్ బందయిందా ఏంది?"

మామయ్య గనిలోకి దిగే రోజుల్లో ఆ ఫ్యాన్ ఆగితే కాలనీ ఆడవాళ్లంతా వీధిలోకి వచ్చేవాళ్లు. ఆయన పోయినా ఆమె చెవి ఇంకా దాన్ని కాపలా కాస్తోంది. అది తిరుగుతూనే ఉందని, పాటలోంచి మాత్రమే తీశామని చెప్పాను.

"అద్దు తమ్మీ. మీ బావకు గాలిచ్చింది అది. జర ఉండనియ్యి."

కాక మీట కొంచెం వెనక్కి జరిపాడు. ఎక్కడో లోతులో ఫ్యాన్ మళ్లీ మొదలైంది, తంబూరాలా. అత్తమ్మ తల ఊపింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మాట వచ్చింది కానీ, పాట రాలేదు. ఇప్పుడు శనివారాలు అత్తమ్మ పళ్లెం తిప్పుతుంటే రికార్డుతో కలిసి నేను పాడుతున్నాను. మూడో చరణం దగ్గర ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంటుంది. అప్పుడు ఆగుతాను. చెయ్యి తీశాక పైకి వస్తాను.