ఉసిలి గాలం ఎవరిది?

చేపకన్నా ముందు గాలం మింగినవాణ్ని నేనే. ముత్తంగి చౌరస్తాలో మోటార్లు చుట్టే షాపు ముందు ఆగినప్పుడల్లా, ఆ వార్నిష్ వాసన నా ముక్కునే కాదు, నా తెలివితక్కువతనాన్నీ గుచ్చుతుంది. మా సుగుణత్త చేతులది అదే వాసన.

నాయనకు అక్క అయిన సుగుణత్త అలాంటి షాపులోనే రాగితీగ చుట్టేది. తొలకరి వాన వెలిసి, పుట్టల్లోంచి ఉసిళ్ళు పొగలా లేచి కర్దనూరు చెరువులో రాలుతుంటే, వాటికోసం కొర్రమట్ట చేపలు ఎగిరెగిరి పడటం చూసి, పుంజు మెడ ఈకలు రెండు గాలానికి జోడించి, వెంట్రుకంత తీగతో బిగించి, వార్నిష్ పూసి, అచ్చం ఉసిలినే పుట్టించింది.

మా ఊళ్ళో గాలాలకూ వంశాలుండేవి. గొర్రెబొచ్చుది మల్లయ్య గాలం, ఎర్ర పేలికది బుచ్చన్న గాలం. కట్టినవాళ్ళ పేరు కాదు, గట్టు మీద నలుగురి ఎదుట దాంతో మొదటి చేపను లాగినవాళ్ళ పేరే నిలిచేది. ఆడవాళ్ళు గట్టెక్కి గాలం వేయరు కనుక అత్త నన్ను పంపింది.

"చేపను పట్టి, అందరికీ నా పేరు జెప్పు బిడ్డా. మర్చిపోకు."

ఆ రోజు మిరుగు, మృగశిర కార్తె మొదటి రోజు. చింతపండు నానుతూ, మెంతులు వేగుతూ, ప్రతి ఇల్లూ చేపకోసం ఎదురుచూసే రోజు. పొడుగాటి వెదురు కర్రతో ఆ ఈకల ఉసిలిని నీటిమీద ఆనీ ఆననట్టు ఆడించలేక చేతులు పడిపోయి, ఎర ఏ రూపంలో వస్తుందో ఎరగని పిల్లవాణ్ని గనుక, పక్కనున్న నాయన తమ్ముడు యాదగిరి కాకకు "జెర పట్టుకో కాకా" అని కర్ర ఇచ్చి పుల్లఐసుకు పరుగెత్తాను. వచ్చేసరికి మోచేతి పొడుగు కొర్రమట్ట గట్టు మీద కొట్టుకుంటోంది. "యాదగిరి గాలం!" అని జనం అరుస్తున్నారు.

"కట్టింది అత్త!" అన్నాను.

"కట్టుడేందిరా, పట్టుడు గావాలె," అన్నాడు కాక, సొంత అక్క సొత్తు అని కూడా చూడకుండా.

అత్త ఆ చేపను ముట్టలేదు. "ఐసు తియ్యగున్నదా?" అని ఒక్కమాట అడిగింది. ఆ కట్టే విద్యను మాత్రం పోయేదాకా నాకు నేర్పలేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీల పుణ్యమా అని చెరువు నీళ్ళు చాయ్ రంగుకు తిరిగాయి. కొర్రమట్టలు లేవు, ఉసిళ్ళు రాలినా మింగే నోరు లేదు. కాక నోరు మాత్రం పదిలంగా ఉంది. డబ్బు కట్టి చేపలు పట్టుకునే కొత్త కుంట దగ్గర కూర్చుని, ఆదివారాలు పట్నం వాళ్ళకు తాను ఆ గాలాన్ని ఎలా కనిపెట్టాడో చెబుతుంటాడు. చెప్పిన ప్రతిసారీ చేప జానెడు పెరుగుతుంది.

మొన్న నేనూ వెళ్ళి అందరి మధ్యా కూర్చుని, సంచిలోంచి గాలం, ఈకలు, తీగ తీసి ముందు పెట్టాను.

"కాకా, ఒక్కటి కట్టి సూపియ్యి."

అందరూ ఫోన్లు ఎత్తారు. మొదటి ఈక తలకిందులైంది, రెండోది ఊడింది, తీగ తెగింది.

"చేతులు వణుకుతున్నయ్ రా. నువ్వు కట్టు."

"నాకేడొస్తది కాకా? సుగుణత్త నాకు నేర్పలే. నీకొస్తదనే వచ్చిన."

"సుగుణత్త ఎవరండీ?" అని అడిగింది ఒకామె.

కాక చూసిన చూపుకు కుంట నీళ్ళు మరగాలి. నేను మర్యాదగా ఇంకో ఈక అందించాను. సంచిలో ఒక పుంజుకు సరిపడా తెచ్చుకున్నాను.